హెడ్డుగారి ఇల్లు

పొద్దున లేవగానే హెడ్ కానిస్టేబుల్ కిటికీ తెరిచి, ఇల్లు ఎక్కడుందో చూసుకునేది. నిన్నటిదాకా ఎదురుగా ఉన్న చెత్తకుండీ ఇవాళ మూలకు పోయి కనబడితే, "మళ్ళీ జరిగిందండీ" అని భర్తకు చెప్పి పళ్ళు తోముకోవడానికి వెళ్ళేది. భర్త దర్జీ. కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే "ఊఁ, పిల్లకు ఆకలేసింది, ఏం చేస్తాం" అనేవాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. గుండీ ఊడిందని చెప్పినట్టు చెప్పేవాడు.

పోలీసుల ఇళ్ళు నడుస్తాయన్నది ఆ ఊళ్ళో వార్త కాదు. ఎప్పుడు నడుస్తాయో కూడా అందరికీ తెలుసు. డ్యూటీకి పోయిన పోలీసు వస్తానన్న వేళ దాటిపోతుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు ఇంకాసేపు చూస్తారు. ఇక రాదులే అనుకుని పళ్ళేలు పెట్టుకుంటారు. సరిగ్గా అప్పుడు ఇల్లు స్టేషన్‌కు దూరంగా ఒక అడుగు వెనక్కి వేస్తుంది. కుదుపు ఉండదు, గ్లాసులో నీళ్ళు కూడా తొణకవు. ఇంటి అడుగంటే మనిషి అడుగు కాదు, ఒక గది పొడవుంటుంది. వెనకనున్న ఇళ్ళు, బస్సులో జరిగి చోటిచ్చే పెద్దమనుషుల్లా, కాస్త పక్కకు ఒదిగి దారిస్తాయి.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళ ఇళ్ళు ఇంకా స్టేషన్ వెనకే ఉండేవి. ఇన్‌స్పెక్టరు ఇల్లు మాత్రం ఊరు దాటి, పొలాలు దాటి, పక్క ఊరికి చేరిపోయింది. ఆయన స్టేషన్ పై గదిలో పడుకునేవాడు. తన ఇంటి తలుపుకు ఏ రంగు వేయించారో ఆయనకు తెలియదని కానిస్టేబుళ్ళు చెప్పుకునేవారు. ఒకాయన విసుగెత్తి ఉద్యోగం మానేసి చూశాడు. ఇల్లు ఆగింది గానీ స్టేషన్ వైపు తిరిగి రాలేదు. వచ్చిన ఇంటిని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

హెడ్ కానిస్టేబుల్‌కు పెళ్ళయినప్పుడు ఇంటి గోడా స్టేషన్ గోడా ఒకటే. ముందుగదిలో భర్త కుట్టే యూనిఫారాలకు కొలతలివ్వడానికి స్టేషన్‌లోవాళ్ళు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేవాళ్ళు. ఇప్పుడు బస్సెక్కి, ఆఖరి స్టాపులో దిగి, మళ్ళీ నడవాలి. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి అంతదూరం ఎవరు పోతారు? బేరాలు ఒక్కొక్కటే రాలిపోయాయి. కరెంటు లైన్‌మన్ మాత్రం తప్పకుండా వచ్చేవాడు, భుజాన వైరు చుట్టతో.

"హెడ్డుగారూ, మీ ఇంటికి వైరు లాగేకంటే రైలుకి లాగడం నయం. దానికి కనీసం టైం టేబులుంది" అనేవాడు.

"దానికి స్టేషన్లలో ఆగే బుద్ధి కూడా ఉంది" అని లోపల్నుంచి అత్తగారు అందుకునేది. ఆవిడకు ఎప్పటికప్పుడు కొత్త పక్కింటివాళ్ళతో పరిచయం చేసుకోవడం అలవాటైపోయింది. "ఊళ్ళో నాకు తెలియని గడప లేదు. తీర్థయాత్రలకు పోనక్కర్లేకుండా మా కోడలు కూర్చోబెట్టి తిప్పుతోంది" అనేది.

ఆ పరిహాసం కూడా ఈమధ్య తగ్గింది. ఇంటి వెనక పాత రాతిక్వారీ ఉంది. రాళ్ళు తీయడం ఎప్పుడో ఆపేశారు. లోతుగా నీళ్ళు నిలిచి, పైనుంచి చూస్తే నల్లగా కనబడుతుంది. బస్టాండులో తప్పిపోయిన పిల్లవాడి కోసం హెడ్ కానిస్టేబుల్ పొద్దుపోయేదాకా తిరిగిన రోజున, ఇల్లు వేసిన అడుగు సరిగ్గా ఆ అంచున ఆగింది. మర్నాడు పెరటి తలుపు తీస్తే కాలు పెట్టడానికి నేల లేదు. మున్సిపల్ ఇంజనీరు వచ్చి ఒక రాయి జారవిడిచి, చప్పుడు వినిపించేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాడు. తర్వాత రుమాలుతో చేతులు తుడుచుకుని, "ఇంకొక్క అడుగు వేసిందంటే అంతే. ఖాళీ చేసేయండి" అన్నాడు.

"ఖాళీ చేసి ఎక్కడికి పోతాం బాబూ?" అంది అత్తగారు. "పోలీసు ఏ ఇంట్లో దిగితే ఆ ఇల్లు మర్నాటినుంచి నడక నేర్చుకుంటుంది. ఇది కనీసం మాకు మాలిమి అయిన ఇల్లు. నేను కదలను."

హెడ్ కానిస్టేబుల్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళి, వేళకు ఇల్లు చేరేలా కొన్నాళ్ళు ఆఫీసు పని ఇవ్వమని అడిగింది. ఆయన విన్నాడు. "సభ అయిపోనీయమ్మా, తప్పకుండా చేద్దాం" అన్నాడు.

సభ అంటే ఊరివాళ్ళు పోలీసులకూ వాళ్ళ కుటుంబాలకూ కృతజ్ఞత చెప్పుకోవడానికి పెట్టుకున్న సభ. కిందటి వానాకాలం కాలువ తెగి బజారు వీధి మునిగినప్పుడు, నడుంలోతు నీళ్ళలో తాడు పట్టుకుని నిలబడి జనాన్ని దాటించింది పోలీసులే. ఆ తాడు ఒక కొస హెడ్ కానిస్టేబుల్ చేతిలో ఉంది. రంగుల కొట్టాయన తన తల్లిని వీపున మోసుకుని ఆ తాడు పట్టుకునే ఒడ్డుకు వచ్చాడు. నీళ్ళు తీశాక ఆయన ఇంటింటికీ తిరిగి, ఏదైనా చేయకపోతే మనం మనుషులం కాదన్నాడు. కమిటీ ఏర్పడింది. ఆయనే అధ్యక్షుడు. ఒక్కో కుటుంబానికి ఒక్కో గోడగడియారం ఇవ్వాలని తీర్మానించారు.

"మంచి వస్తువే. టైమెంతయిందో కోడలికి తప్ప ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది" అంది అత్తగారు, ఆహ్వానం అందిన రోజున.

సభనాటి ఉదయం దర్జీ భార్య యూనిఫారానికి తనే ఇస్త్రీ చేశాడు. కూతురు పొద్దున్నుంచి గదిలోంచి గదిలోకి ఎగురుతోంది. ఊరికే ఒకచోట కూర్చోదు కాబట్టి ఇంట్లో దాన్ని పిచ్చుక అని పిలుస్తారు.

"మీరూ రండి అత్తయ్యా. ముందు వరసలో కుర్చీ వేశారట."

"నా మోకాళ్ళు బస్సెక్కనంటున్నాయి. నేను వంట చేసి ఉంచుతాను, వెళ్ళి రండి. భోజనానికి వస్తావుగా?"

"మధ్యాహ్నానికల్లా ఇక్కడుంటాను. ఇవాళ నాకు డ్యూటీ లేదత్తయ్యా, సన్మానం."

"నీకు డ్యూటీ లేని రోజు చూడాలనే బతికున్నాను. పద పద, బస్సు పోతుంది."

హాలు దగ్గర బస్సు దిగేసరికి ఇన్‌స్పెక్టరు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. అది మంచి శకునం కాదని స్టేషన్‌లో అందరికీ తెలుసు.

"ముఖ్య అతిథి పెద్దవాడమ్మా. ఆయనొస్తున్నాడంటే బందోబస్తు ఉండాలి. నువ్వు గేటు చూసుకో."

"సార్, ఇవాళ మేం అతిథులం కదా?"

"అతిథులే. నేనూ అతిథినే. అతిథులందరం లోపల కూర్చుంటే గేటు దగ్గర ఎవరుంటారు చెప్పు?"

ఆమె టోపీ సరిచేసుకుని గేటు వైపు చూసింది. "ఎంత, ఒక గంట పని" అన్నాడాయన. ఆయన చెడ్డవాడు కాదు. ఆ గంట నిజంగా గంటేనని ఆయన ప్రతిసారీ నమ్ముతాడు.

ఆమె భర్తనూ కూతురినీ లోపలికి పంపి గేటు దగ్గర నిలబడింది. ముందు వరసలో కుర్చీలకు కాగితాలు అంటించి ఉన్నాయి. 'హెడ్ కానిస్టేబుల్' అని ఒకదానికి, పక్కన మూడింటికి 'కుటుంబం' అని.

"నాన్నా, అమ్మ కుర్చీలో నా సంచి పెట్టనా?"

"వద్దమ్మా. ఖాళీగా ఉండనీ."

ముఖ్య అతిథి రాలేదు. దారిలో ఉన్నారన్నారు. బయలుదేరబోతున్నారని తర్వాత తెలిసింది. జనం విసనకర్రలకు బదులు ఆహ్వానపత్రాలు ఊపుకున్నారు. చివరికి రంగుల కొట్టాయన, ఇక లాభం లేదనుకుని, మైకు ముందుకు వచ్చాడు. ఆ రోజు కోసం కొత్త చొక్కా వేసుకున్నాడు గానీ గోళ్ళకు నీలంరంగు అలాగే ఉంది.

"మన ప్రాణాలు కాపాడిన వీరనారి, మన హెడ్ కానిస్టేబుల్ గారిని వేదిక మీదకు సాదరంగా ఆహ్వానిస్తున్నాం!"

హాలంతా చప్పట్లు. చప్పట్లు పెరిగి, తగ్గి, ఆగిపోయాయి. ఎవరూ రాలేదు. దర్జీ లేచి నిలబడ్డాడు.

"ఆవిడ గేటు దగ్గరున్నారండి."

నవ్వులు వినిపించాయి. రంగుల కొట్టాయన కూడా నవ్వి రెండో పేరు చదివాడు. "బయట బండ్లు పెట్టిస్తున్నాడు" అని ఆ కుటుంబంలోంచి ఒక ముసలాయన చెప్పాడు. మూడో పేరు చదివితే వేదిక వెనక తెర కదిలి, "నేను ఇక్కడే ఉన్నానండీ, కానీ ఇక్కణ్ణుంచి కదలొద్దన్నారు" అని ఒక గొంతు వచ్చింది. ఈసారి నవ్వు సగంలో ఆగింది. జనం ముందు వరసల వైపు చూశారు. భార్యలు, భర్తలు, పిల్లలు, ముసలివాళ్ళు శుభ్రంగా తయారై కూర్చున్నారు. ప్రతి కుటుంబం పక్కనా ఒక ఖాళీ కుర్చీ, దానికి కాగితం. ఇందాకట్నుంచీ అవి అలాగే ఉన్నాయి. ఎవరూ చూడలేదు.

రంగుల కొట్టాయన మైకు అక్కడే వదిలేసి, బల్ల మీది గడియారం ఒకటి చంకన పెట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు. ఆమె ఒక వ్యాను డ్రైవరుతో మాట్లాడుతోంది.

"హెడ్డుగారూ, ఇది మీకు. అక్కడికి రాలేరని నేనే తెచ్చాను."

"పక్కన పెట్టండి సార్, ముందా వ్యాను తీయించాలి..." అంటూ ఆమె గడియారం వైపు చూసి ఆగిపోయింది. "ఇందులో టైం సరైనదేనా?"

"కొత్తదమ్మా. పొద్దున నేనే సరిచేశాను."

ఆమె ఊరి చివర క్వారీ ఉన్న వైపు తిరిగి చూసింది. ఇల్లు అక్కణ్ణుంచి కనబడేది కాదు.

"ఏమైందమ్మా?"

"భోజనం వేళ దాటిపోయింది. ఇంట్లో మా అత్తయ్య ఒక్కతే ఉంది."

క్వారీ సంగతి ఆయనకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. బజారు మునిగిన రోజున ఆమె ఇల్లు ఒక అడుగు వెనక్కి పోయిందనీ, అదే రోజు తన తల్లి ప్రాణాలతో ఇంటికి చేరిందనీ కూడా ఆయనకు తెలుసు. ఆ రెండూ ఒకేసారి తలకెక్కినట్టున్నాయి. గడియారం గేటు స్తంభానికి ఆనించి చెయ్యి చాపాడు.

"ఆ ఈల ఇటివ్వండి."

"మీకెందుకు సార్?"

"మీరు వెళ్ళండి. అదిగో నా కొట్టు వ్యాను. ఇవిగో తాళాలు. నడపడం వచ్చుగా?"

"వచ్చు. సైరన్ లేకుండా అలవాటు లేదంతే."

అప్పటికి ఇన్‌స్పెక్టరు పరుగున వచ్చాడు. "ఏంటిది? రూల్స్ ఒప్పుకోవు. ఈల పౌరుల చేతికి ఇవ్వడమేంటి? హెడ్డూ, ఎక్కడికి?"

రంగుల కొట్టాయన ఆయన వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "సార్, మీ ఇల్లు ఇప్పుడు ఎక్కడుంది?"

ఇన్‌స్పెక్టరు పొలాల వైపు చెయ్యెత్తి, అటో ఇటో తేల్చుకోలేక దించేశాడు. టోపీ తీసి లోపలికి చూసుకుని, మళ్ళీ పెట్టుకుని, "నేనేం చూడలేదు" అని రోడ్డుకు వీపు తిప్పి నిలబడ్డాడు.

హాల్లోంచి జనం బయటికి రావడం మొదలైంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బస్సు కండక్టరు బండ్లు పెట్టే చోటికి వెళ్ళి అక్కడున్న కానిస్టేబుల్ భుజం తట్టాడు. మంగలాయన వేదిక వెనక్కి వెళ్ళి, "నువ్వు పో నాయనా, తెరను నేను కాపలా కాస్తాను. కత్తి కూడా ఉంది నా దగ్గర" అన్నాడు. మేడమెట్ల దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌ను లోపలికి పంపి లైన్‌మన్ అక్కడ కూర్చున్నాడు. లోపల ఖాళీ కుర్చీలు ఒక్కొక్కటే నిండుతున్నాయి.

వ్యాను వెనక రంగు డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుంటూ మోగుతున్నాయి. హాల్లోంచి పరుగున వచ్చి ఎక్కిన దర్జీ, పిచ్చుక ముందు సీట్లో ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నారు. ఆఖరి స్టాపు దాటి మలుపు తిరిగాక పిచ్చుక ముందుగా చూసింది.

"ఉంది! నాన్నా, ఉంది!"

ఇల్లు ఉంది. కానీ అడుగు ఎత్తి ఉంది. మెట్టుకూ గడపకూ మధ్య జానెడు సందు కనబడుతోంది. వెనకభాగం క్వారీ మీదికి పోయి గాలిలో నిలిచింది. కింద నల్లటి నీళ్ళలో దాని నీడ కదలకుండా ఉంది. తలుపు తీసే ఉంది. లోపల దర్జీ స్టూలు మీద అత్తగారు కూర్చుని ఉంది. ఎదురుగా మూతలు పెట్టిన గిన్నెలు. పళ్ళేలు లేవు.

"అత్తయ్యా! బయటికి రండి, నెమ్మదిగా. మీ అబ్బాయి చెయ్యి పట్టుకుంటారు."

"నేనెందుకు బయటికి? నువ్వే లోపలికి రా. దీనికి కావలసింది నేను కాదు."

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"నీ భోజనం వేళ దాటినప్పట్నుంచి. కాలెత్తింది గానీ వేయలేదు. ఎలా వేస్తుంది? నేను తినందే?"

"అమ్మా, ఇంతసేపూ తినకుండానా?" అన్నాడు దర్జీ.

"మిగతా రోజుల్లో పిల్లకు ఆకలి, నీకు పని. దానికోసం తినేస్తాం, ఇది నడుస్తుంది. ఇవాళ నేనొక్కదాన్నే. ముసలిదాని ఆకలి, చెప్తే వింటుంది. కోడలు వస్తానని చెప్పిపోయిందిగా, వస్తుందిలే అని కూర్చున్నాను."

హెడ్ కానిస్టేబుల్ భర్త వైపు చూసింది. లోపల ఇంకో మనిషి బరువు పడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు. ఆమె బూట్లు విప్పి, ఆ జానెడు సందు దాటి గడప లోపల కాలు పెట్టింది. నేల కాస్త ఊగి ఆగింది. ఆమె అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది. వెనకే భర్త, భర్త వెనక పిచ్చుక వచ్చారు. పిచ్చుక కూడా ఆ పూట ఎగరకుండా కూర్చుంది.

అత్తగారు పళ్ళేలు తెచ్చి మూత తీయబోతుండగా ఫోన్ మోగింది.

గదిలో అందరూ ఆ ఫోన్ వైపు చూశారు. ఆ చప్పుడు తర్వాత ఏం జరుగుతుందో ఆ ఇంట్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఎత్తకపోతే? ఎత్తకుండా ఉండడం ఆమెకు చేతకాదు. అత్తగారు చేతిలో మూత అలాగే పట్టుకుంది. హెడ్ కానిస్టేబుల్ ఫోన్ ఎత్తింది.

"హెడ్డుగారూ, నేను, రంగుల కొట్టు." వెనక నుంచి హారన్లు, ఎవరో అరుస్తున్న గొంతులు. "లారీ ఒకడు గేటుకు అడ్డంగా పెట్టాడండీ. తీయమంటే తీయడు. ఈల ఊది ఊది నా దవడలు పోతున్నాయి. వాణ్ణి ఏమని తిట్టాలి?"

"తిట్టకండి. తిడితే మొండికేస్తాడు. ఏం లోడు, ఎక్కణ్ణుంచి వస్తున్నావని అడగండి. రాత్రంతా నడిపాడేమో కనుక్కోండి. తర్వాత టీ తెప్పిస్తానని చెప్పి తాళం అడగండి."

"ఇస్తాడా?"

"ఇస్తాడు. కానీ టీ నిజంగా తెప్పించాలి."

"అమ్మా, ఇంకోటి. ఇందాక ముఖ్య అతిథి వచ్చారు. దిగీ దిగగానే నాకే సెల్యూట్ కొట్టి లోపలికి పోయారు. నేనేం చేయాలి?"

"మీరేం చేశారు?"

"భయమేసి నేనూ కొట్టాను. రెండు చేతులతో."

పిచ్చుక ముందుగా నవ్వింది. దర్జీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అత్తగారు మూత కింద పెట్టేసి మరీ నవ్వింది. హెడ్ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక ఫోన్ దూరంగా పట్టుకుంది. ఆమె ఇంట్లో కూర్చుని అంత గట్టిగా నవ్వి చాలాకాలమైంది.

"నేను రావాలా సార్?" అని అడిగింది చివరికి. అడిగింది పాత అలవాటు కొద్దీనే.

"వద్దమ్మా వద్దు. ఇక్కడ ఊరు ఊరంతా ఉంది. మీరు రావడమెందుకు?"

"ఇన్‌స్పెక్టరు గారున్నారుగా, ఏదైనా అయితే ఆయన్ని అడగండి."

రంగుల కొట్టాయన ఎవరికో టీ తెమ్మని కేకేసి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు.

"ఆయన లేరమ్మా. పక్క ఊరికి రైలు ఎన్నింటికని కండక్టరును అడిగారు. బల్ల మీది గడియారం ఒకటి తీసుకుని స్టేషన్‌కు వెళ్ళిపోయారు. పోలీసు స్టేషన్ కాదు, రైల్వే స్టేషన్."

ఫోన్ పెట్టేసి ఆమె పళ్ళెం ముందుకు లాక్కుంది. అత్తగారు వడ్డించింది. నలుగురూ తినడం మొదలుపెట్టారు. గ్లాసుల్లో నీళ్ళు తొణకలేదు. ఎక్కడా చప్పుడు కాలేదు. ఉన్నట్టుండి అత్తగారు తినడం ఆపి, అరచెయ్యి నేలకు ఆనించి చూసింది.

"పెట్టింది" అంది.

"ఏంటి?"

"కాలు."

"ఎటు అత్తయ్యా?"

ఎవరూ లేవలేదు. పిచ్చుక మాత్రం చెయ్యి కడగకుండానే పరుగెత్తుకెళ్ళి పెరటి తలుపు గొళ్ళెం తీసింది. దర్జీ వెనకనుంచి దాని గౌను పట్టుకున్నాడు. గడప కింద ఖాళీ గాలి లేదు, నల్లటి నీళ్ళు లేవు. నేల ఉంది. గడపకు ఆనుకుని కొత్తగా బయటపడ్డ మట్టి, దాని అవతల క్వారీ అంచు. పూర్తి అడుగు కాదు. ఎంతో ఆలోచించి వేసినట్టు చిన్నది. ముందువైపు చూస్తే మెట్టు మీదికి గడప ఎక్కి కూర్చుని ఉంది.

హెడ్ కానిస్టేబుల్ చెయ్యి తుడుచుకుని వచ్చింది. కూతురిని లోపలికి జరిపి, గోడ పట్టుకుని మెల్లగా ఆ మట్టి మీద దిగింది. తడిగా, చల్లగా ఉంది. వీపు గోడకు ఆనించి నిలబడింది. ఒక మనిషి నిలబడడానికి సరిపోయింది. కింద నీళ్ళు కనబడుతున్నాయి గానీ కాళ్ళ కింద నేల గట్టిగానే ఉంది.

లోపల పళ్ళెంలో గరిటె చప్పుడైంది.

"నిలబడింది చాలు గానీ," అంది అత్తగారు, "లోపలికొచ్చి కూర్చో. సగంలో లేచిపోయావు."

"వస్తున్నానత్తయ్యా" అని ఆమె లోపలికి వెళ్ళి కూర్చుంది.